కదలని కారు గలవారికి అద్దె ఇల్లు

కొత్త డివిజను కేంద్రం తమ ఊళ్ళోనే పెట్టాలని మా వైపు మూడు ఊళ్ళవాళ్ళు ఏడాది పొడవునా ధర్నాలు చేశారు. చివరికి పైనుంచి ఒక కమిటీ వచ్చింది. ఆ కమిటీ మూడు ఊళ్ళలో ఎక్కడా కాలు పెట్టకుండా, బల్ల మీద మ్యాపు పరిచి, స్కేలుతో కొలిచి, మూడింటికీ సరిసమానమైన దూరంలో ఉన్న ఒక బీడు మీద చుక్క పెట్టింది. ఆ బీడు పేరు ఎర్రమిట్ట. అంతకుముందు అక్కడికి మేకలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు, అవి కూడా పొద్దు వాలేసరికి ఇంటికి వెళ్ళిపోయేవి. ఏ ఊరికీ అన్యాయం జరగలేదని కమిటీ ప్రకటించింది. నిజమే, అందరికీ ఒకే రకంగా జరిగింది.

ఆఫీసులు కట్టేటప్పుడు కూడా ఇదే న్యాయం పాటించారు. ఆస్పత్రి పల్లంలో ఒక మూల, కోర్టు ఇంకో మూల, ఖజానా మిట్ట అవతల. ఎవరి పొలం పక్కన ఏ ఆఫీసు పడితే వారి పొలానికి రేటు పెరగాలి కాబట్టి, ఒకదానికొకటి కనిపించనంత దూరంలో కట్టారు. ఒక సంతకానికీ ఇంకో సంతకానికీ మధ్య కారు కావాలి. కారు లేనివాడికి ఎర్రమిట్టలో పని లేదని అర్థం. పని ఉన్నవాడికి కారు లేదన్న సంగతి మ్యాపులో కనిపించలేదు.

ఆ ఆస్పత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఒప్పంద ఉద్యోగం. నా పేరు మద్దిలేటి. నా భార్య శివగంగ మా మేనమామ కూతురే. మేము ముప్పై కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో రేకుల గదిలో ఉండేవాళ్ళం. నేను పాత మోటారు సైకిలు మీద రోజూ వచ్చిపోయేవాణ్ణి. శివగంగకు అయిదో నెల వచ్చినప్పుడు ఇంటాయన వచ్చి గది ఖాళీ చేయమన్నాడు.

"ఏమనుకోవద్దు మద్దిలేటీ. ఉల్లిగడ్డలు పోయాల గదిలో. ఈసారి పంట బాగొచ్చింది."

"ఈ గదిలో గాలి ఆడదు కదన్నా. గడ్డలు కుళ్ళిపోవా?"

"అందుకే రెండు కిటికీలు పెట్టిస్తాండా."

మేము మూడేళ్ళుగా అడుగుతున్న కిటికీలవి. ఆయన తప్పు లేదు, ఉల్లిగడ్డలకు ఉన్నంత రేటు మాకు ఎప్పుడూ రాలేదు. కానీ కాన్పు అయ్యేలోపు ఆస్పత్రికి దగ్గరలో మాకొక ఇల్లు కావాలి. మాకు కావలసిందల్లా అదొక్కటే. ఈ కథలో నేను ఇంకేదీ అడగలేదు.

ఎర్రమిట్టలో అద్దె ఇళ్ళు లేవని ఎవరూ అనకూడదు. బీడు మధ్యలో అయిదంతస్తుల అపార్టుమెంట్లు లేచాయి. వాటిలో ఒకదాని యజమాని, రిటైరైన కాంట్రాక్టరు సుబ్బరాయుడు, మమ్మల్ని గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. అద్దె చెప్పాడు. అది నా జీతం కంటే కొంచెం ఎక్కువ. అయినా బేరం ఆడదామని నోరు తెరిచేలోపు అసలు ప్రశ్న అడిగాడు.

"కారు ఉండాదా?"

"లేదు సార్. మోటారు సైకిలు ఉంది."

"అట్లయితే కష్టమప్పా. కారు లేనోళ్ళు ఇంట్లో నుంచి బయటికి పోరు. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు. నీళ్ళు వాడతారు, మెట్లు అరగతాయి. ఇల్లు పాడైతాది."

"ఇంట్లో ఉండడానికే కదా సార్ ఇల్లు?"

"నువ్వు చదువుకున్నోడివి, ఇంత మాత్రం అర్థం కాదా? నాకు అద్దె కావాల గాని మనుషులు వద్దు."

ఆయన్ను నేను తిట్టుకోలేదు. మనసులో ఉన్నమాట బయటికి చెప్పే మనిషి ఎర్రమిట్టలో ఆయన ఒక్కడే అని తర్వాత తెలిసింది.

అప్పుడే ప్రభుత్వం వారి గ్రామీణ అందుబాటు అద్దె గృహాల పథకం గురించి విన్నాము. తక్కువ ఆదాయం వాళ్ళకు తక్కువ అద్దె. స్థలం చవగ్గా దొరికిందని ఆస్పత్రికి ఎనిమిది కిలోమీటర్ల ఎగువన, ఒక గుట్ట నెత్తిన కట్టారు. బస్సు, కిరాణా కొట్టు, బడి, ఒక చిన్న ఆరోగ్య కేంద్రం, అన్నీ కాలనీలోనే ఉంటాయని గోడమీద రంగుల్లో రాశారు. ఆరోగ్య కేంద్రం బొమ్మ ముందు శివగంగ కాసేపు నిలబడింది. ఆ బొమ్మలో తెల్లకోటు వేసుకున్న నర్సు నవ్వుతోంది.

ఆ పథకానికి సహాయ సంచాలకులు చిదంబరరావు గారు. తెల్లగా, మెత్తగా, ఎప్పుడూ ఎవరినీ కసురుకోని మనిషి. ఆయన బల్ల మీద ఒక గాజు గ్లాసు, ఒక కుంకుమ భరిణె, ఒక నిబంధనల పుస్తకం ఉండేవి. మూడింటిలోనూ ఆయన రోజుకోసారి వేలు ముంచేవారు.

"ప్రభుత్వం వారి సదుద్దేశం ఏమనగా," అన్నారాయన మా దరఖాస్తు చూస్తూ, "నిజమైన పేదవాడే లబ్ధి పొందవలెను. కావున నిబంధన మూడు ప్రకారం దరఖాస్తుదారునికి నాలుగు చక్రాల వాహనం ఉండరాదు."

"లేదు సార్," అన్నాను సంతోషంగా. కారు లేనందుకు ఎర్రమిట్టలో నేను సంతోషించిన సందర్భం అదొక్కటే.

"శుభం. ఇక నిబంధన తొమ్మిది. గృహసముదాయం మారుమూల ప్రాంతమున ఉన్నందున, నివాసి అత్యవసర సమయములలో ఇబ్బందులకు లోనుకాకుండుటకై చలన సామర్థ్యం కలిగి ఉండవలెను. అనగా నాలుగు చక్రాల వాహనం."

నేను శివగంగ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

"సార్, కారు ఉండాలా, ఉండకూడదా?"

"మూడో నిబంధన ప్రకారం ఉండరాదు. తొమ్మిదో నిబంధన ప్రకారం ఉండవలెను."

"రెండూ ఎట్లా కుదురుతాయి సార్?"

"ఎందుకు కుదరవు? మూడోది అర్హతల అధ్యాయంలో ఉన్నది. తొమ్మిదోది భద్రతల అధ్యాయంలో ఉన్నది. మధ్యలో ఆరు పేజీలు ఉన్నవి." ఆయన ఆ ఆరు పేజీలనూ నా ముందే తిప్పి చూపించారు. "ఇవి ఒకదానితో ఒకటి ఢీకొనే అవకాశమే లేదు."

మోటారు సైకిలు పనికిరాదా అని శివగంగ అడిగింది. కుటుంబం త్వరలో ముగ్గురు కాబోతున్నది కాబట్టి ద్విచక్ర వాహనంపై ముగ్గురి ప్రయాణం చట్టవిరుద్ధమనీ, సంస్థ చట్టవిరుద్ధతను ప్రోత్సహించజాలదనీ ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు. మా బిడ్డ ఇంకా పుట్టలేదు. అప్పుడే లెక్కలోకి ఎక్కింది. ఆ తర్వాత ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

మాలాంటి వాళ్ళు చాలామందే తిరిగారు ఆ ఆఫీసు చుట్టూ. కట్టిన ఇళ్ళన్నీ ఖాళీ. గుట్ట మీద ఆ భవనాల్లో గాలి తలుపులు తీస్తూ వేస్తూ ఉండేది. పథకానికి అర్హులే లేరు కాబట్టి ఈ డివిజనులో పేదరికం నిర్మూలన అయినట్టేనా అని పైనుంచి ఒక లేఖ వచ్చిందట. దానితో చిదంబరరావు గారు కంగారుపడి పై అధికారులను వివరణ కోరారు. వివరణ వచ్చేసరికి శివగంగకు ఏడో నెల. ఉల్లిగడ్డలు అప్పటికే వరండాలోకి చేరాయి.

వివరణ రెండు వాక్యాలు. దరఖాస్తుదారుని వద్ద వాహనం తప్పనిసరిగా ఉండవలెను. అయితే అట్టి వాహనం ఆస్తి అయి ఉండరాదు.

"ఆస్తి కాని కారు ఎట్లా ఉంటుంది సార్?" అని అడిగాను.

చిదంబరరావు గారు చాలాసేపు కిటికీలోంచి చూశారు. ఆ కిటికీలోంచి బీడు తప్ప ఏమీ కనిపించదు. "నడిచే వాహనం ఆస్తి," అన్నారు నెమ్మదిగా, జ్ఞానోదయం అవుతున్న మనిషిలా. "నడవని వాహనం ఆస్తి కాదు. కానీ అది వాహనమే."

ఇలాంటి మాట నోట్లోంచి వచ్చిన తర్వాత ఎవరికైనా సిగ్గేస్తుంది. ఆయన దాన్ని కాగితం మీద పెట్టి, కింద ముద్ర వేయించారు.

హైవే పక్కన పాత బండ్లు విడగొట్టే ఖాదర్ బాషా మా ఊరివాడే. విషయం చెబితే నమ్మలేదు.

"ఇంజను లేని కారా? దాన్నేం జేసుకుంటావన్నా?"

"ఇల్లు తీసుకుంటా."

అతని షెడ్డు వెనక తెల్లకారు ఒకటి ఉంది. దాని ఇంజను ఎప్పుడో ఒక రైతు చెరుకు గానుగకు అమ్ముడుపోయింది. ముందు అద్దం ఉంది, వెనక అద్దం లేదు. వెనక సీటు బాగానే ఉంది, అందులో కోడి పొదిగింది. ఖాదర్ బాషా కోడిని తీసి, టైర్లకు గాలి కొట్టి, ట్రాక్టరుకు కట్టి ఆఫీసు దాకా లాక్కొచ్చాడు. ఇనుము తూకానికి వచ్చే ధరే తీసుకున్నాడు.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఆదాయ విభాగం ఇన్స్పెక్టరు బానెట్ ఎత్తి చూశాడు.

"నడుస్తుందా?"

"నడవదు సార్."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ."

"మంచిది. ఆస్తి కాదు."

భద్రతా విభాగం ఇన్స్పెక్టరు కిందికి వంగి చూశాడు. "చక్రాలు నాలుగూ ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

"చలన సామర్థ్యం ఉంది."

ఇద్దరూ ఒకే కారు మీద, ఒకే బానెట్‌కు ఆనించుకుని, చెరో కాగితం రాసుకున్నారు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు, ఇద్దరివీ వేరే విభాగాలు. అలా మాకు ఇల్లు వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, కిటికీలు. శివగంగ ఆ రోజు కిటికీలు తెరిచి మూసి, మళ్ళీ తెరిచింది.

మా సంగతి తెలిశాక డివిజను అంతా ఖాదర్ బాషా షెడ్డు ముందు క్యూ కట్టింది. నెల తిరిగేసరికి ఎర్రమిట్టలో నడిచే కారు కంటే నడవని కారు ధర ఎక్కువైంది. కోర్టు గుమాస్తా ఒకాయన తన బాగున్న కారు ఇంజను పీకించి, మంచి కారు పాడు చేసుకున్నానన్న దిగులు ఏమాత్రం లేకుండా, తాళం చెవులు ఊపుకుంటూ కాలనీలో చేరాడు. స్తోమత లేనివాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కారు కొని, ఒకరి తనిఖీ అయ్యాక ఇంకొకరి ఇంటి ముందుకు తోసుకునేవారు. పాత జీపుల చట్రాలు, పెళ్ళిళ్ళలో ఫొటోలకు పెట్టే ఉత్త డొల్ల కారు ఒకటి కూడా పాసయ్యాయి. మా పక్కింటి దేవమ్మక్క, హాస్టల్లో వంట చేసేది, తన కారులో ఎండు మిరపకాయలు ఆరబోసేది. అద్దాలు ఎత్తేస్తే కోతులు రావట.

కాలనీ నిండింది. పార్కింగు నిండింది. ఫొటోలు తీశారు. తక్కువ ఆదాయం గల కుటుంబాలలో నూటికి నూరు శాతం కార్లు కలిగిన ఏకైక కాలనీ మాదేనని పేపర్లో వచ్చింది. చిదంబరరావు గారు ఆ పేపరు కత్తిరించి గాజు గ్లాసు కింద పెట్టుకున్నారు.

కష్టాలు ఆ పేపరుతోనే మొదలయ్యాయి. రోజుకు రెండుసార్లు గుట్ట ఎక్కే బస్సు మొదట ఆగింది. అందరికీ కార్లున్న కాలనీకి బస్సు దండగ అని డిపో వాళ్ళు లెక్క తేల్చారు. తర్వాత రేషను బియ్యం ఇచ్చే చౌక డిపో తీసేశారు. కారున్నవాళ్ళు టౌనుకు వెళ్ళి తెచ్చుకోలేరా అన్నారు. బడి తెరవకముందే మూసేశారు. ఆరోగ్య కేంద్రానికి గోడలు లేచాయి గాని తలుపు పెట్టలేదు, అక్కడికని వేసిన నర్సును వేరే ఊరికి పంపారు. ప్రతి రద్దు కాగితంలోనూ కారణం ఒకటే, నివాసులందరికీ చలన సామర్థ్యం కలదు. మేము ఒక గుట్ట మీద, ఇంజన్లు లేని కార్ల మధ్య, అన్ని సౌకర్యాలూ అందుబాటులో ఉన్నట్టుగా బతుకుతున్నాం.

నేను ఆఫీసుకు వెళ్ళి చిదంబరరావు గారిని అడిగాను. నా భార్యకు నెలలు నిండాయి, కనీసం నర్సును తిరిగి పంపించమని.

"మద్దిలేటి గారూ, మీ ఆవేదన అర్థం చేసుకోదగినదే. అయితే ఆరోగ్య కేంద్రం వాహనరహిత ప్రాంతములకు ఉద్దేశించబడినది. మీరు వాహనసహితులు."

"అది నడవదు కద సార్. నడవకూడదనే కదా మీరు ఇల్లిచ్చింది."

"నడుస్తుందా లేదా అన్నది ఆదాయ విభాగం పరిశీలించు అంశం. ఆరోగ్య విషయంలో ఆ విభాగం అభిప్రాయం తీసుకొను పద్ధతి లేదు."

నాకు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు, ఒప్పంద ఉద్యోగిని. నమస్కారం పెట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున, టిఫిను గిన్నె దించుతూనే శివగంగ గోడ పట్టుకుని నిలబడిపోయింది. నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను. అటువైపు ఒక అమ్మాయి, ఎంతో శాంతంగా, పేరూ కాలనీ పేరూ అడిగింది.

"సార్, మీకు సొంత నాలుగు చక్రాల వాహనం ఉన్నట్టు చూపిస్తోంది. సొంత వాహనం లేనివారికి మొదటి ప్రాధాన్యం సార్. మీది రెండో వరుసలో ఉంటుంది."

"దానికి ఇంజను లేదమ్మా."

"ఇంజను గురించి ఇక్కడ ఏమీ అడగలేదు సార్. వాహనం ఉందా, లేదా, అంతే ఉంది."

"ఉంది," అన్నాను. లేదంటే ఇల్లు పోతుంది.

ఆటోలకు ఫోన్ చేశాం. టమోటా సీజను, ఆటోలన్నీ మార్కెట్లో ఉన్నాయి. మోటారు సైకిలు మీద కూర్చునే స్థితిలో ఆమె లేదు. అప్పటికి మా వాకిట్లో కాలనీ అంతా పోగైంది. దేవమ్మక్క శివగంగ నడుం రాస్తూ నా మీద విరుచుకుపడింది.

"ఏంది మద్దిలేటీ అట్ల చూస్తాండావ్? అందరూ కారుండాది కారుండాది అంటాండారు కదా. దాంట్లోనే ఎక్కియ్యి. తోసుకోని పోదాం."

"ఎనిమిది కిలోమీటర్లక్కా."

"పల్లమే కదా. రండప్పా అందరూ. యాడన్నా ఎత్తొస్తే గట్టిగా తోయండి, దిగుడొస్తే వెనక్కి పట్టండి."

వెనక సీట్లో దుప్పట్లు వేసి శివగంగను పడుకోబెట్టాం. దేవమ్మక్క పక్కన కూర్చుంది. నేను స్టీరింగు పట్టుకున్నాను. కోర్టు గుమాస్తా, వాచ్‌మన్లు, హోటల్లో పనిచేసేవాళ్ళు, టైలరు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, అందరూ కలిసి తోశారు. మొదటిసారి ఆ గుట్ట మీది కారు ఒకటి కాలనీ దాటి కదిలింది. నాకు ఏడుపొచ్చింది. ఇంతమంది మంచివాళ్ళున్న చోట ఒక్క ఇంజను లేకపోవడమేంటని ఏడుపొచ్చింది.

సగం దారిలో, మలుపు దగ్గర, ఎదురుగా మూడు తెల్లకార్లు వచ్చి ఆగాయి. అద్దాలు ఎత్తి ఉన్నాయి, లోపల చల్లగా ఉన్నట్టు తెలుస్తోంది. రాజధాని నుంచి కమిషనర్ గారు కాలనీ చూడడానికి వస్తున్నారు. ముందు కారులోంచి చిదంబరరావు గారు దిగారు.

"దారి ఇవ్వండి. కమిషనర్ గారికి కాలాతీతం అవుతున్నది."

"సార్, నొప్పులు. మీ కార్లలో ఒక్కదాంట్లో ఆస్పత్రి దాకా దింపండి. మళ్ళీ వెనక్కి రావచ్చు."

లోపల శివగంగ మూలుగుతోంది. ఆయనకు వినిపించింది. ముఖంలో కొంచెం ఇబ్బంది కూడా కనిపించింది. అబద్ధం చెప్పకూడదు.

"ప్రభుత్వ వాహనంలో అనధికార వ్యక్తుల ప్రయాణం నిషిద్ధం," అన్నారు నేలచూపులు చూస్తూ. "పైగా మీకు సొంత వాహనం ఉన్నది."

వెనక కారు అద్దం నాలుగు వేళ్ళంత దిగింది. "చిదంబరరావూ, ఏమిటది ఊరేగింపు?"

"లబ్ధిదారులు తమ వాహనములను వినియోగించుకుంటున్నారు సార్."

"బాగుంది బాగుంది," అంది ఆ సందు. అద్దం ఎక్కింది. మేము కారును రోడ్డు పక్క ముళ్ళపొదల్లోకి తోసి దారి ఇచ్చాం. మూడు కార్లూ దుమ్ము రేపుకుంటూ గుట్ట ఎక్కాయి. టైలరు మునెయ్య ఒక బూతు తిట్టాడు. దాన్ని ఇక్కడ రాయలేను గాని, ఆ రోజు మొత్తం మీద సరైన మాట అదొక్కటే.

ఆస్పత్రి గేటు దాటి, నా ల్యాబ్ ముందు నుంచి కారు తోసుకుంటూ వెళ్ళాం. స్ట్రెచరు వచ్చింది. అరగంటలో ఆడపిల్ల. డాక్టరమ్మ బయటికొచ్చి, ఇంకొంచెం ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదని చెప్పి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. తోసినవాళ్ళు చేతులు కడుక్కుని, ఎనిమిది కిలోమీటర్లు ఎగువకు నడుచుకుంటూ వెళ్ళారు. బస్సు లేదు కదా.

మూడో రోజు నోటీసు వచ్చింది. నా వాహనం కదిలినట్టు విశ్వసనీయ సమాచారం. కదిలిన వాహనం ఆస్తి. విచారణకు హాజరు కావాలి.

చిదంబరరావు గారు ఆ రోజు కుంకుమ కొంచెం పెద్దగా పెట్టుకున్నారు. పక్కన టైపు చేసే ఒకాయన కూర్చున్నాడు.

"వాహనం స్వయంగా కదిలినదా, కదిలించబడినదా?"

"తోశాం సార్."

"తోశాం, అనగా బహువచనం." ఆయన ముందుకు వంగారు, మెత్తగా, సాయం చేసే మనిషిలా. "మద్దిలేటి గారూ, మీకు పసిబిడ్డ. నేను కూడా కుటుంబం గలవాణ్ణే. ఒక మార్గం ఉన్నది. మీ అనుమతి లేకుండా ఇతరులు మీ వాహనాన్ని కదిలించినారని చెప్పండి. అప్పుడు అది మీ ఆస్తి కానేరదు. మీ ఇల్లు మీకు ఉంటుంది."

"వాళ్ళకి?"

"వారు ఒకటికి మించిన వాహనములను వినియోగించినట్లు అగును. తమదొకటి, మీదొకటి. వారి కేటాయింపులు సహజంగానే రద్దగును. పేర్లు చెప్పండి చాలు."

అప్పుడు నాకు అర్థమైంది. ఖాళీలు కావాలి. కమిషనర్ గారు కాలనీ చూసి మెచ్చుకున్న తర్వాత పెద్దవాళ్ళ సిఫార్సులతో కొత్త దరఖాస్తులు వచ్చాయని ఆఫీసు బయట అనుకుంటూనే ఉన్నారు. దేవమ్మక్క ముఖం గుర్తొచ్చింది. మునెయ్య తిట్టిన తిట్టు గుర్తొచ్చింది. ఇంట్లో తెరిచిన కిటికీలు కూడా గుర్తొచ్చాయి, కాదనను.

"నేనొక్కణ్ణే తోశాను సార్."

"ఒక్కరే?"

"ఒక్కణ్ణే."

"స్టీరింగు ఎవరు పట్టుకున్నారు?"

"నేనే."

"వెనక నుంచి తోసింది?"

"అదీ నేనే."

టైపు చేసే ఆయన వేళ్ళు ఆగిపోయాయి. చిదంబరరావు గారి గొంతు మొదటిసారి కొంచెం గట్టిపడింది.

"ఇది అసత్యం. నేను కళ్ళారా చూచినాను. పాతికమంది ఉన్నారు."

"అయితే అట్లనే రాయండి సార్. మలుపు దగ్గర మీరు చూశారని రాయండి. చూసినప్పుడు మీ బండ్లు మూడు ఉన్నాయని, నా భార్య నొప్పులు పడతా ఉందని, మీరు దారి ఇమ్మన్నారని, కమిషనర్ గారు అద్దం దించి బాగుందన్నారని కూడా రాయండి. అంతా రాస్తే నేను పేర్లు చెప్తా. సంతకం కూడా పెడతా."

టైపు ఆయన తన వేళ్ళనే చూసుకుంటున్నాడు. చిదంబరరావు గారు గాజు గ్లాసు ఎత్తి, నీళ్ళు తాగి, కింద ఉన్న పేపరు కత్తిరింపు మీద మళ్ళీ అదే చోట పెట్టారు.

"రాసుకో," అన్నారు టైపు ఆయనతో. "నివాసి ఒక్కడే స్టీరింగు పట్టుకొని, ఒక్కడే వెనుక నుండి తోసి, ఎనిమిది కిలోమీటర్లు వాహనమును నడిపినాడు. ప్రత్యక్ష సాక్షులు ఎవరూ లేరు."

కేటాయింపు రద్దయింది. నా ఒక్కడిదే. తాళం చెవి అక్కడే బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. ఆస్పత్రిలో శివగంగ బిడ్డను ఒళ్ళో వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది, బట్టలు సర్దేసింది.

"ఇల్లు పోయిందా బావా?"

"పోయింది."

"వాళ్ళవి?"

"ఉండాయి."

ఆమె బాధ పడింది, కళ్ళు తుడుచుకుంది, దాచుకోలేదు. తర్వాత బిడ్డను నా చేతికిచ్చి సంచీ తీసుకుంది. "దేవమ్మక్క పొద్దున వచ్చిపోయింది," అంది. "వాళ్ళ ముందు గదిలో మిరపకాయలు తీసేసి, చాప పరిచిందంట. పద."

ప్రస్తుతం మేము దేవమ్మక్క ఇంట్లో అతిథులుగా ఉంటున్నాం. పక్కనే ఉన్న మా పాత ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళు దిగారు, వాళ్ళ కారు ఇంజనుతో సహా వచ్చింది, సిఫార్సు గట్టిది. అతిథులకు కారు ఉండాలో, ఉండకూడదో చిదంబరరావు గారి పుస్తకంలో ఇంకా ఏమీ లేదు. రాస్తున్నారని విన్నాను.